పచ్చ గీత ఎవరి చుట్టూ?

పని ఆగితే నష్టం, ఎలా నడిపామన్నది తర్వాత చూసుకోవచ్చు. హలో మాస్టారు కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టిన నాటి నుంచి ఇదే ఆయన వ్యాపార సూత్రం. యూనివర్సిటీ తరగతి గదులకు తాళాలు వేసి పాఠాలన్నిటినీ కంప్యూటర్లకు ఎక్కించినప్పుడు, మేష్టర్లకూ విద్యార్థులకూ సాయం చెయ్యడానికి ఆయన్ని పిలిచి, గోడకు 'సహాయ విభాగం' అని బోర్డు ఉన్న గదిలో కూర్చోబెట్టారు. పొద్దస్తమానం "హలో, వినబడుతోందా? హలో?" అనడమే పని కావడంతో ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు.

సరుకు ఎంత మంచిదైనా కొనేవాడి చేతికి అందకపోతే అది గోదాంలో మగ్గే సరుకే. మేష్టర్ల చదువూ అలాగే ఉందని ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఒక పెద్ద ప్రొఫెసరు మైకు ఆపేసుకుని క్లాసంతా చెప్పి, పిల్లలు ఇంత బుద్ధిగా ఎన్నడూ వినలేదని మురిసిపోయాడు. ఇంకొకాయన కెమెరా ముందు సుద్దముక్క పట్టుకుని బోర్డు కోసం వెతుక్కున్నాడు. హలో మాస్టారు ఒకరికి అడ్డదారి చూపించి, ఒకరికి అతుకు వేసి, మొత్తానికి బండి లాక్కొచ్చాడు. ఆ అడ్డదారుల్లో ఒకటి ఇవాళ ఆయన మెడకే చుట్టుకుంది.

ఇవాళ పైపుల అమ్మాయికి వైవా, పీహెచ్‌డీకి చివరి నోటి పరీక్ష. పొడవాటి పైపులో పారే నీటిని వాల్వు మూసి ఒక్కసారిగా ఆపితే లోపల ఒత్తిడి ఏమవుతుందన్నది ఆమె పరిశోధన. పెళ్లి, కాన్పు, పిల్లవాడి జబ్బులు దాటుకుంటూ వచ్చేసరికి గడువు పొడిగింపులన్నీ అయిపోయాయి. ఈ వారంలో వైవా జరగకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. బయటి యూనివర్సిటీ నుంచి పరీక్ష చెయ్యాల్సిన పెద్దాయనకు ఖాళీ ఉన్నది ఈ ఒక్క పూటే. ఇంట్లో నెట్ మీద నమ్మకం లేక, ఆమె గైడు మేడమ్ సహాయ విభాగానికే వచ్చి కెమెరా ముందు కూర్చుంది.

మొదలవబోయే ముందు ఆ అమ్మాయి హలో మాస్టారికి ఫోను చేసింది. ఆయన ఫోను పట్టుకుని గది బయటికి నడిచాడు.

"అన్నా, కొంప మునిగింది. మావాడు ల్యాప్‌టాప్ మీద పాలు ఒంపేశాడు. బొమ్మ వస్తోంది, నాకు అన్నీ వినబడుతున్నాయి. నా మాటే బయటికి పోవట్లేదు."

"కంగారు పడకమ్మా. ఫోనుంది కదా, మాట అందులోంచి పంపిద్దాం."

"నా పేరుతో రెండోసారి వస్తే మొదటిది బయటికి తోసేస్తోంది అన్నా."

"అయితే నా 'సహాయ విభాగం' పేరుతో రా. పాస్‌వర్డ్ చెప్తా, రాసుకో. ఫోను పుస్తకాల చాటున పెట్టు."

పరీక్షకు కూర్చునేవాళ్ల గదిలో ఒకే యంత్రం ఉండాలి, ఫోను బయట ఇచ్చి రావాలి అని నియమం. ఆ నియమాన్ని అందరికీ పంపించింది హలో మాస్టారే. అయినా పని ఆగలేదు కదా అనుకున్నాడు. మేడమ్‌కు చెబితే కాదంటుందని చెప్పలేదు.

వైవా మొదలైంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పి గదంతా చూపించింది. మంచం, ఆకుపచ్చ రంగు బీరువా, మూసిన తలుపు. ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు చెబుతోంది. మేడమ్ మొహం విచ్చుకుంది. పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని తెరకు దగ్గరగా జరిగాడు.

"ఒక్క నిమిషం. ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

"నేనే సార్," అంది ఆ అమ్మాయి.

"పెదాలు మీవి కదులుతున్నాయి, మాట ముందే వచ్చేస్తోంది. అది సరే. తెర మీద మాట్లాడేవాళ్ల గడి చుట్టూ పచ్చ గీత వెలగాలి కదా? మీ గడి చుట్టూ వెలగట్లేదు. 'సహాయ విభాగం' అన్న గడి చుట్టూ వెలుగుతోంది. మేడమ్, మీ వెనక గోడ మీద ఆ బోర్డేమిటి?"

మేడమ్ వెనక్కి తిరిగి చూసింది. సహాయ విభాగం.

హలో మాస్టారు ఆ అమ్మాయికి అరువిచ్చింది ఆ గది పేరే. అందులో కూర్చున్న ఆడమనిషి మేడమ్ ఒక్కతే. ఫోనులోంచి వచ్చే గొంతు ఎవరిదైనా ఒకేలా గరగరగా ఉంటుంది.

"అంటే నేను జవాబులు చెబుతున్నానంటారా?" మేడమ్ మళ్లీ తెర వైపు తిరిగింది.

"నేనేమీ అనట్లేదమ్మా. కనబడుతున్నది చెబుతున్నాను."

హలో మాస్టారు మనసులో తూకం వేసుకున్నాడు. నోరు మూసుకుంటే ఆ అమ్మాయి దొంగ, మేడమ్ దొంగకు తోడు. నోరు తెరిస్తే రెండో యంత్రం బయటపడి వైవా రద్దు. ఎటు మొగ్గినా నష్టం ఆ అమ్మాయిదే. మొదటి దాంట్లో మాత్రం పరువు కూడా పోతుంది. ఆయన కుర్చీ లాక్కుని మేడమ్ పక్కన కెమెరాలోకి వచ్చాడు.

"తప్పు నాది సార్. ఆమె మైకు పాడైంది. నా పేరుతో ఫోను పెట్టించింది నేను. మేడమ్‌కి తెలియదు."

మేడమ్ ఆయన వైపు చూసిన చూపుకు పచ్చి కట్టె అంటుకునేది.

"నియమం తెలుసా మీకు?" అన్నాడు పెద్దాయన.

"పంపించిందే నేను సార్."

"బాగుంది! అయితే ఇది చెల్లదు. ఇంకో తేదీ..."

"ఇంకో తేదీ లేదు సార్!"

ఆ అమ్మాయి లేచి నిలబడింది. పుస్తకాల వెనక నుంచి ఫోను తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది. "దీని వల్లే కదా అనుమానం? ఇదిగో, ఆపేస్తున్నా. మీ మాట నాకు వినబడుతుంది. నా మాటతో పని లేదు. మీరు అడగండి, నేను రాసి చూపిస్తా. పుస్తకంలో లేనిదే అడగండి."

తలుపు తీసి ఫోను బయటికి అందించింది. అందుకున్న చెయ్యి అత్తగారిది. ఆవిడ ఏదో అడగబోతుంటే తలుపు మూసేసింది. ల్యాప్‌టాప్ వెనక్కి జరిపి గది మొత్తం కనబడేలా పెట్టింది. పిల్లవాడి సుద్దముక్క తీసుకుని బీరువా ముందు నిలబడింది.

పెద్దాయన నియమం వైపూ మనిషి వైపూ మార్చి మార్చి చూస్తున్నట్టున్నాడు.

"మేడమ్, మీరిద్దరూ చేతులు బల్ల మీద పెట్టండి, నాకు కనబడాలి. దగ్గు కూడా వినబడకూడదు. సరే అమ్మా. పైపుకి ఒక చివర పెద్ద ట్యాంకు, రెండో చివర వాల్వు. వాల్వు టక్కున మూశారు. ఒత్తిడి అల ట్యాంకు దాకా వెళ్లి తిరిగొచ్చి వాల్వుకి తగిలేదాకా నాకు గీసి చూపించండి. ఆ పైపు మధ్యలో సన్నబడిందనుకోండి."

సుద్ద కదిలింది. పైపు, ట్యాంకు, వాల్వు. సన్నబడిన చోట అల కొంత వెనక్కి, కొంత ముందుకి. బాణాలు, వాటి పక్కన లెక్కలు. చప్పుడు లేకుండా ఒక చెయ్యి ఆలోచిస్తుంటే చూడటం హలో మాస్టారికి అదే మొదలు. బొమ్మ మధ్యలో ఆగితే ఆయన గుండె ఆగింది, కదిలితే కదిలింది.

అల ట్యాంకు దగ్గరికి చేరింది. ఆ అమ్మాయి దాన్ని వెనక్కి తిప్పి పక్కన కూడిక గుర్తు వేసింది.

మేడమ్ వేళ్లు బల్ల మీద బిగుసుకున్నాయి. హలో మాస్టారికి లెక్క తెలియదు గానీ మనిషి మొహం తెలుసు. బేరం చెడేటప్పుడు అవతలివాడి మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి తప్పు చేసింది. సరిదిద్దడానికి ఇక్కడి నుంచి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతోనే అంతా పోతుంది. ఆయన అడిగాడు: "సార్, మైకు తీగ పీకేస్తాను, చూడండి." పెద్దాయన తల ఊపాడు. తీగ పీకి బల్ల మీద పెట్టాడు. మేడమ్ కళ్లు మూసుకుంది.

ఆ అమ్మాయి తర్వాతి బాణం గీసింది. ఇంకొకటి గీసింది. తప్పు మీద తప్పు పేరుకుంటోంది. వాల్వు దగ్గరికి వచ్చి లెక్క కట్టి, ఆగింది. వెనక్కి ఒక అడుగు వేసి బీరువానంతా చూసింది. సుద్ద పట్టుకున్న చేత్తోనే నుదురు రుద్దుకుంది. ఉన్నట్టుండి చీర చెంగు లాగి ట్యాంకు దగ్గర నుంచి అంతా తుడిచేసి, కూడిక గుర్తు ఉన్న చోట తీసివేత వేసింది. ట్యాంకు మీద వేలు పెట్టి, పక్కన పెద్ద అక్షరాలతో రాసింది: 'ఇక్కడ మూత లేదు, అల తిరగబడుతుంది.' అక్కడి నుంచి చెయ్యి ఆగలేదు.

"చాలమ్మా," అన్నాడు పెద్దాయన. ఆమె ఆపలేదు. "చాలన్నాను కదా! మీ మేడమ్ కళ్లు ఎప్పుడు మూసుకున్నారో చూశాను. మీకు చెప్పేవాళ్లే ఉంటే, అంత దూరం తప్పులో నడవనిచ్చేవాళ్లు కాదు."

ఇంకా చాలాసేపు అడిగాడు, ఆమె బీరువా రెండో తలుపూ నింపింది. చివరికి ఆయన కళ్లజోడు తీశాడు. "నేను ఆమోదిస్తూ సంతకం పెడుతున్నాను. రెండో యంత్రం సంగతి కూడా రాస్తాను. ఎవరి పేరుతో వచ్చిందో ఆ పేరుతో సహా. దానికి మీరేమంటారు, సహాయ విభాగం?"

హలో మాస్టారు మైకు తీగ గుచ్చాడు. "రాయండి సార్. న్యాయమైన బేరమే."

"ఇక కూర్చోండి, డాక్టరు గారూ," అన్నాడు పెద్దాయన తెర వైపు తిరిగి.

ఆ అమ్మాయి ఏదో అంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. వెనక తలుపు తెరుచుకుని పిల్లవాణ్ణి చంకనేసుకున్న అత్తగారు లోపలికొచ్చి, బీరువా చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆవిడ కూడా ఏదో గట్టిగానే అంటోంది. కోడలు నవ్వుతూ ఏడుస్తూ ఆవిడ భుజం మీద తల వాల్చేసింది.

మేడమ్ తెర ఆపి, లేచి, హలో మాస్టారి ఎదుట నిలబడింది.

"మిమ్మల్ని ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

"నన్ను తర్వాత చూసుకుందురు గానీ మేడమ్, ముందు ఆ పిల్లకి ఫోను చెయ్యండి. మీ గొంతు వినాలని ఉంటుంది."

"నంబరు కలపండి," అంది మేడమ్ చెయ్యి చాస్తూ. "ఈసారి నా పేరుతోనే."