నేరుగా వచ్చిన పిల్ల

ఆ రోజు పురితా మేడం ఇంట్లో మేడం ఉంది. టీవీలో కోడిపందేలు చూస్తూ ఆవిడ భర్త ఉన్నాడు. లోపలి గదిలో పురిటి మంచం మీద కూతురు ఆర్లీన్, పక్కలో ఇంకా పేరు పెట్టని పసిగుడ్డు. బడి వదలగానే వచ్చి, వరండాలో కంప్యూటర్ ముందు కూర్చుని మేడంగారి లారీలు ఎక్కడెక్కడున్నాయో చూసే జోవెలిన్ మాత్రం లేదు.

లారీ దారి తప్పినా, చెప్పని చోట ఆగినా కంప్యూటర్లోనూ మేడం ఫోన్లోనూ గంట మోగుతుంది. జోవెలిన్ బిడియంగానే డ్రైవరుకు ఫోన్ చేసి, పంక్చరో, కడుపునొప్పో కనుక్కుని చెబుతుంది. అప్పుడు మేడం చల్లబడుతుంది. లేకపోతే ఆవిడ ఫోన్లో ఒక్క మీట చాలు, ఎంత దూరాన ఉన్న బండి ఇంజనైనా మళ్ళీ స్టార్టవదు.

జోవెలిన్ ఆ రోజు పెదనాన్న శవం దగ్గర ఉంది. వచ్చినవాళ్ళకు కాఫీ, బిస్కట్లు అందిస్తోంది. వాళ్ళ నాన్న డెన్సియో మేడం లారీ డ్రైవరే. బియ్యం లోడుతో వస్తూ, మేడం అనుమతితోనే అన్నను చివరిచూపు చూసి వెళ్ళాడు. "చూసి రా. కానీ అక్కణ్ణించి నేరుగా మా గుమ్మంలోకి బండి తోలుకు రాకు, పసిపిల్ల ఉంది" అని మేడమే చెప్పింది. చావింటి నుంచి వచ్చేవాళ్ళు దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి. లేకపోతే పోయినవాళ్ళు వెంటబడి ఆ ఇంటికే వస్తారు.

కాసేపటికి నాన్న ఫోన్ చేశాడు.

"తల్లీ, ఏటి పక్క కాఫీ కొట్టు దగ్గర ఆగానా, బండి స్టార్టవటంలేదే. మేడం ఆపేసినట్టుంది. చేస్తే కట్ చేస్తోంది. కొండల్లో కురిసిన వానంతా ఏట్లోకి దిగింది. టైర్లు మునుగుతున్నయ్."

"నువ్వు దిగి గట్టెక్కు నాన్నా!"

"ఎట్టా దిగను? పోయిన నెల మన డ్రైవర్ రొమ్మీ ఇక్కడే బస్తాలమ్ముకుని పారిపోయాడు. నేనూ బండి వదిలిపోతే నన్నూ దొంగల్లోనే కలిపేస్తారు. మేడంకి చెప్పవే, ఇంజన్ వదిలితే చాలు, ఒక్క ఊపులో బయటపడతా."

జోవెలిన్ నాన్నను లైన్లోనే ఉంచి మేడంకి ఫోన్ చేసింది. తీయలేదు. కప్పులు ఎక్కడివక్కడ వదిలేసి వానలో పరుగెత్తింది. మూలమీద బేకరీలో దీపం వెలుగుతోంది. శవం దగ్గర నుంచి వచ్చేవాళ్ళంతా ఆగేది అక్కడే. ఆమె కాళ్ళు ఆగలేదు. ఏం చెప్పాలో ఒకటికి రెండుసార్లు నోట్లో అనుకుంటూ, నాన్న ఫోన్ పెట్టేయకుండా గుప్పిట్లో పట్టుకునే మేడం తలుపు తట్టింది.

మేడం తలుపు సగం తీసింది. "వచ్చావా జోవీ! మీ నాన్న ఏటి పక్క ఎంతసేపు తాగుతాడమ్మా కాఫీ? బస్తాలు ఖాళీ అయ్యేదాకానా?"

"మీరే కదా మేడం నేరుగా రావొద్దన్నారు! అందుకే ఆగాడు. నీళ్ళు వచ్చేశాయి మేడం. ఇంజన్ వదలండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

మేడం ముఖంలో రంగు మారింది. చెయ్యి జేబులో ఫోన్ దగ్గరికి పోయింది. అంతలో లోపల పసిబిడ్డ కేరుమంది. మేడం చూపు జోవెలిన్ నల్లగౌను మీద, జుట్టులోంచి కారుతున్న నీళ్ళ మీద ఆగింది.

"నువ్వెక్కణ్ణించి వస్తున్నావు?"

అబద్ధం ఆడదామనుకుంది. కానీ అదొక్కటే ముందుగా నోట్లో అనుకుని రాలేదు.

"పెదనాన్న దగ్గర నుంచి."

"దారిలో ఆగావా?"

జోవెలిన్ చూపు వెనక బేకరీ వైపు పోయింది.

"ఆగలేదు! నేరుగా వచ్చావు, నా పసిదాని దగ్గరికి!" మేడం శిలువ గుర్తు వేసుకుంటూ వెనక్కి జరిగింది. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. "పో, బేకరీ దాకా పోయి రా. ఆ తర్వాత మాట్లాడదాం."

"అంత టైం లేదు మేడం! ఒక్కసారి ఆ మీట నొక్కి..."

గుప్పిట్లోంచి నీళ్ళ చప్పుడు మధ్య నాన్న గొంతు వినిపించింది. "ఏమందే? తాళం తిప్పనా తల్లీ?"

మేడం తలుపు మూసేసింది.