కొమ్మూదే పళ్ళు

పెద్ద నీళ్ళు వచ్చిన రెండో ఏడు జరిగిందిది. ఆ నీళ్ళు మా ఇంటి కిటికీలు ముంచి చూరు కిందకొచ్చి ఆగాయి. దూలానికి వేలాడుతున్న నా కొమ్ముబూర తడవలేదు. కిటికీలో గాజుగ్లాసులో పెట్టిన నా కట్టుడుపళ్ళు మాత్రం గ్లాసుతో సహా చాలక్కుడి ఏట్లో కలిసిపోయాయి. పోతే రెండూ పోవాల్సింది. పళ్ళు లేని నోటితో కొమ్ము ఊదడం కుదరదు. పెదవి వెనక గట్టిగా ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే పెదవి లోపలికి మడుచుకుపోయి బుస్సుమని గాలి పోతుంది.

నా పేరు అప్పుకుట్టన్. మా గుడి పూరంలో, అంటే ఏటా ఏనుగులతో చేసే ఉత్సవంలో, నలభై ఒక్కేళ్ళు కొమ్ముల వరసకి ముందు నిలబడ్డాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళూ, నేర్చుకోనివాళ్ళూ ఊళ్ళో ఆశాన్ అనే, అంటే గురువుగారనే పిలుస్తారు.

నీళ్ళు తీసిన తరవాత వచ్చిన మొదటి పూరంలో నేను బుగ్గలు పూరించి కొమ్ము ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. అంతే. ఊదలేదు. పక్కనున్నతను, పేరు రామనుణ్ణి, ఇద్దరి వంతూ ఊదాడు. ముప్ఫై ఏళ్ళుగా నా పక్క మనిషి అతను. ఎవరికీ చెప్పలేదు. పాయసం దగ్గర నాతో మాత్రం అన్నాడు.

"ఆశానే, నీ జన్మలో ఇంత బాగా ఊదలేదు. ఒక్క తప్పు పడలేదు చూడు."

రెండో పూరానికి నెల ముందు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కమిటీవాళ్ళు అడుగుతున్నారు, ఈ ఏడు ముందు ఎవరు నిలబడతారని. పూరం రోజు పొద్దున చెప్తానన్నాను. ఆ పొద్దున నీ కొమ్ము నా చెవిన పడిందా, నువ్వు ముందు, నేను పక్కన. పడలేదా, నువ్వెళ్ళి పాయసం వరసలో ముందు నిలబడు."

అది ఎగతాళి కాదు. రెండో ఏడు కూడా ఇద్దరి వంతూ ఊదే ఊపిరి అతనికి లేదు.

మర్నాడు బజారు వీధిలో కొత్తగా పెట్టిన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ట్రీసమ్మ అని, కోట్టయం వైపు పిల్ల. "పళ్ళు కావాలి" అన్నాను. ఆమె నోరు తెరిపించి లైటు వేసి చూసింది. మొహం వెలిగింది.

"తాతగారూ, మీరు మూడు ఆదివారాలు త్రిశ్శూరు రాగలరా? పళ్ళ డాక్టర్లందరికీ అక్కడ క్లాసులున్నాయి. మొత్తం పళ్ళ సెట్టు చెయ్యడం కోయంబత్తూరు నుంచి పెద్ద ప్రొఫెసరొచ్చి చూపిస్తారు. ఒక్క పన్నూ లేని నోరు కావాలి. పళ్ళు మీకే ఇచ్చేస్తారు."

మూడో ఆదివారం మర్నాడే పూరం. తలూపాను.

ఇంట్లో చెప్తే మా ఆవిడ కార్త్యాయని నవ్వింది.

"డాక్టర్లయ్యాక కూడా చదువులేంటి?"

"చదవాలట. ఏటా ఇన్ని మార్కులు కూడాలట. లేకపోతే పేరు కొట్టేస్తారట."

"నువ్వు మూడో తరగతితో ఎగ్గొట్టిన బడికి ఇన్నాళ్ళకి పంపిస్తున్నారన్నమాట. పలక కొనమంటావా?"

మొదటి ఆదివారం అచ్చులు తీశారు. పెద్ద హాలు, అరవై మంది డాక్టర్లు. ప్రొఫెసరు ఏకాంబరంగారు చెవికి మైకు తగిలించుకుని నా నోట్లో ముద్ద పెట్టి ఒత్తుతూ అదంతా వాళ్ళకి విడమరిచి చెప్పాడు. తరవాత అరవై మందీ ఒక్కొక్కరే వంగి చూశారు. "ఇలాంటి చిగుళ్ళు దొరకడం అదృష్టం" అన్నాడాయన. మా కార్త్యాయని విని, "పెళ్ళిచూపుల నాడు మా వాళ్ళు కూడా నిన్నింత పట్టి చూడలేదు" అంది.

రెండో ఆదివారం మైనంలో గుచ్చిన పళ్ళు పెట్టారు. మాట సరిగ్గా వస్తోందో లేదో చూడాలని అరవై అనమన్నారు. అన్నాను. అరవయ్యారు అనమన్నారు. అన్నాను. నవ్వమన్నారు. అదొక్కటే కష్టమైంది. ఫొటోలు తీశారు. ముందు పళ్ళు ఒక గింజంత బయటికి వచ్చినట్టు నా పెదవికి తెలుస్తూనే ఉంది. చెప్పాలనుకున్నాను. కానీ ఆయన మాట్లాడుతున్నాడు. మాట్లాడే మనిషిని ఆపడం నాకు చేతకాదు.

"చెప్పావా మరి?" అంది కార్త్యాయని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

"లేదు."

"ఊరు లేచేలా కొమ్మూదుతావు. ఒక్క మాటకి ఊపిరి చాలదు."

మూడో ఆదివారం కొమ్ము సంచిలో పెట్టుకుని వెళ్ళాను. సాయంత్రం అటునుంచి అటే గుడికి వెళ్ళి ఊది చూసుకోవాలని. పన్నెండింటికి పళ్ళు పెట్టారు. అద్దం ఇచ్చారు. పెళ్ళికొడుకు పళ్ళు! హాలంతా చప్పట్లు. అందరూ బిర్యానీకి లేచారు. నేను హాలు వెనక నీళ్ళ ట్యాంకు పక్కకి వెళ్ళి కొమ్ము తీసి పెదవికి ఆనించాను. ఊదాను.

పై సెట్టు ఊడి టక్కుమని కొమ్ము మూతికి కొట్టుకుంది.

మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ టక్. మూడోసారి కింద పడబోయిన దాన్ని అరచేత్తో పట్టుకున్నాను. రేపే పూరం. నీళ్ళ ట్యాంకు మీద కాకి ఒకటి కూర్చుని నన్నే చూస్తోంది.

భోజనాల తరవాత క్లాసు మా ట్రీసమ్మది. ఆమెకది మొదటి క్లాసు. గోడ మీద పడుతున్న బొమ్మలో "రోగి మాట వినడం" అని పెద్దక్షరాలు. గుమ్మం దగ్గర బల్ల మీద సంతకాల పుస్తకం. డాక్టర్లు ఒక్కొక్కరే సంతకం పెట్టి, హాలులోకి ఒకసారి తొంగి చూసి, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. అరవై మందిలో పదకొండు మంది మిగిలారు. అందులో ఇద్దరు నిద్రపోయారు. ప్రొఫెసరు మర్యాదకి ముందు వరసలో కూర్చున్నాడు. ట్రీసమ్మ కాగితాల్లో చూసుకుంటూ మొదలుపెట్టింది.

"రోగి నోరు తెరవకముందే మనం అద్దం లోపల పెట్టేస్తాం," అంది. "ముందు ఒక్క ప్రశ్న అడగాలి. అడిగి, రెండు నిమిషాలు మన నోరు మూసుకోవాలి. ఎవరైనా వస్తారా, చేసి చూపిస్తాను?"

ఎవరూ లేవలేదు. ఆమె నా వంక చూసింది. వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"తాతగారూ, ఈ పళ్ళతో మీకేం పని?"

అడిగి ఊరుకుంది. గోడ గడియారం చూసింది. నేనూ ఊరుకున్నాను. ఎవరో దగ్గారు. ప్రొఫెసరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. వెనక నుంచి ఒకాయన "ఈయన పుట్టుమూగా?" అన్నాడు. ట్రీసమ్మ పెదాలు బిగించుకుని కూర్చుంది, కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. ఇంకాసేపు ఊరుకుంటే ఆ పిల్ల పరువు పోతుందనిపించింది. సంచి విప్పి కొమ్ము బల్ల మీద పెట్టాను.

"ఇది ఊదాలి," అన్నాను. "రేపు."

ప్రొఫెసరు లేచొచ్చాడు. "మూడు వారాలు నా చేతిలో ఉన్నారు. ఒక్క మాట చెప్పలేదేమయ్యా?"

"నోట్లో మీ చెయ్యి ఉంది కదండీ."

నిద్రపోయిన ఇద్దరూ లేచారు నవ్వుల చప్పుడుకి. ప్రొఫెసరు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. "ఏదీ, ఊదండి" అన్నాడు. ఊదాను. టక్. ఆయన మొహంలో నవ్వు పోయి పని వచ్చింది. కోటు విప్పి చొక్కా చేతులు పైకి మడిచాడు.

ముందు పళ్ళు ఆరూ కోసేశారు. మైనం ముద్దలో మళ్ళీ గుచ్చారు. "ఇప్పుడు మీరు చెప్పండి, మేం వింటాం" అన్నాడు.

"లోపలికి."

ఇంకోసారి ఊదించారు.

"ఇంకొంచెం."

నాలుగోసారికి పళ్ళు కదల్లేదు. కొమ్ము పలికింది. రెండేళ్ళ తరవాత పలికింది. ఆ హాలు కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను ఆపలేదు. ఆపాలని తెలుసు, మైనం కదులుతుందనీ తెలుసు. అయినా ఊదాను.

బయట కారు తాళాలు తీస్తున్నవాళ్ళు, టీ బంకు దగ్గరున్నవాళ్ళు, బస్సెక్కబోయినవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒకాయన చేతిలో సగం కొరికిన పరిప్పు వడ.

"ఏనుగొచ్చిందా?"

సంతకాల పుస్తకం దగ్గర కూర్చున్న గుమాస్తా అడ్డం పడ్డాడు. "మీ సంతకాలు అయిపోయాయి కదండీ, మళ్ళీ ఎందుకు?"

"సంతకం నువ్వే ఉంచుకోవయ్యా. తప్పుకో, కనపడాలి!"

హాలు నిండిపోయింది. కుర్చీలెక్కి చూశారు. ట్రీసమ్మ మైకు పట్టుకుని మొదట్నుంచి చెప్పింది. కాగితాలు చూడలేదు. ప్రొఫెసరు పళ్ళు అరగదీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "పై ఏడు ఈమె క్లాసు పొద్దున మొదట పెట్టండి. నాది బిర్యానీ తరవాత పెట్టండి."

సాయంత్రం ఆరింటికి మైనం తీసి గట్టిది పోసి, నున్నగా చేసి నా చేతిలో పెట్టారు.

"ఈ రాత్రి ఊదకండి," అంది ట్రీసమ్మ. "బాగా గట్టిపడాలి. పొద్దున ఊదండి. పలక్కపోతే ఫోను చెయ్యండి, నేనే వస్తాను."

పలక్కపోతే అన్న మాట ఇంటిదాకా నాతో బస్సులో వచ్చింది. గుడికి వెళ్ళలేదు. కార్త్యాయని పళ్ళు అటూ ఇటూ తిప్పి చూసింది. గ్లాసులో నీళ్ళు పోసి పళ్ళు వేసి, కిటికీలో పెట్టబోయి ఆగింది. స్టూలెక్కి దూలం మీద, కొమ్ము పక్కన పెట్టింది.

పొద్దున ఇంకా ఎండ రాలేదు. రెండూ దించుకున్నాను. పళ్ళు పెట్టుకుని, కొమ్ము భుజాన వేసుకుని, పొలం గట్టు మీదుగా రామనుణ్ణి ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి, పెదవి తడుపుకుని, ఊదాను.

పలికింది. కొబ్బరి చెట్ల మీద కాకులన్నీ లేచాయి.

రామనుణ్ణి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. పళ్ళు తోముకుంటున్నాడు. నోటి నిండా నల్లగా ఊకబొగ్గు పొడి, నురగ గడ్డం దాకా కారుతోంది. ఏదో తిట్టబోయాడు, నోరు నిండుగా ఉండి మాట రాలేదు. నల్లటి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చి నా పక్కన, ఎప్పుడూ నిలబడేవైపే నిలబడి, ఉత్త చేతులు కొమ్ము పట్టినట్టు పైకెత్తి బుగ్గలు పూరించాడు.

నేను ఇద్దరి వంతూ ఊదాను.