తలా ఇంత

పెద్ద ఆర్డరు ముగిసిన సంతోషంలో కుట్టుపనివాళ్లు పద్నాలుగు మంది హోటలుకు వెళ్లారు. మూడు బల్లలు కలిపితే గానీ చాలలేదు. ఎవరి ఖర్చు వారిదే అని ముందే అనుకున్నారు కాబట్టే కాజాలమ్మాయి కూడా వచ్చింది. చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు కుట్టడం ఆమె పని, అందుకే ఆ పేరు. పర్సులో ఉన్నది మర్నాడు సాయంత్రం కూతురి కళ్లజోడు తెచ్చుకోవడానికి దాచిన డబ్బు. అందులోంచి ఒక్క సూపుకు మించి తీయకూడదని ఒట్టు పెట్టుకుంది. కడుపులో బాగోలేదని అందరికీ చెప్పింది. ఆకలితో ఉన్నవాళ్లు ఆడే అబద్ధాల్లో ఇంతకంటే పాతది లేదు, అయినా అందరూ నమ్మారు.

ఎదురుగా కత్తెరత్త కూర్చుంది. బట్ట కత్తిరించేది ఆమే, ఎదుటివాళ్ల మాట కత్తిరించేదీ ఆమే. ఆ పూట మాత్రం మాట్లాడే తీరిక లేదు. చేప, మాంసం, మళ్లీ చేప, ఆపైన ఐస్‌క్రీము, వరసపెట్టి లాగించింది.

బిల్లు ఇస్త్రీ బావ చేతికొచ్చింది. "ఎవరేం తిన్నారో ఏరుతూ కూర్చుంటే ఇక్కడే తెల్లారిపోతుంది. తలా ఇంత వేసేద్దాం, గొడవుండదు" అన్నాడు.

అందరూ సరేనన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో ఆ మాట! కాజాలమ్మాయి ఒప్పుకుంటే కళ్లజోడు పోయినట్టే, కాదంటే ఇంతమందిలో పరువు పోయినట్టే. తల వంచి, బల్ల కింద పర్సులోని నోట్లు లెక్కపెట్టుకుంది.

"తలా ఇంతేంటయ్యా?" కత్తెరత్త బల్ల చరిచింది. "మీరంతా మేసినదానికి నేనివ్వాలా? నాకేమైనా చెట్లకు కాస్తోందా? ఎవరు తిన్నది వాళ్లే కట్టండి!"

"ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషివి కదత్తా! పిసినారివి!" అని అందరూ నవ్వారు. ఇస్త్రీ బావ గొణుక్కుంటూనే పెన్ను తీశాడు. కాజాలమ్మాయి సూపు డబ్బు ఇచ్చి ఊపిరి పీల్చుకుంది.

మెట్లు దిగుతుంటే బావ ఎవరితోనో అంటున్నాడు. "అత్త తిక్కకి అత్తకే దెబ్బ. అందరికంటే ఎక్కువ పడింది ఆవిడకే. తలా ఇంత అయితే సగంతో పోయేది."

కాజాలమ్మాయి ఆగిపోయింది. చిన్న పీలిక కూడా వృథా పోనివ్వని మనిషికి ఆమాత్రం లెక్క తెలియదా? గబగబా వెళ్లి, వీధిలో నిలబడి ఉన్న అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నా కోసమే కదూ?"

"నీ కోసమేంటి, నా నోరు, నా ఇష్టం." అత్త చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "రేపు పనిలో అందరూ నన్ను ఆడిపోసుకుంటారు. నువ్వూ ఓ మాట అను. నువ్వొక్కదానివే ఊరుకుంటే సంగతి పట్టేస్తారు."

మర్నాడు అలాగే జరిగింది. కుట్టుమిషన్ల చప్పుడు మీదుగా తలా ఓ మాట విసిరారు. అత్త కత్తెర ఆపి, నీ వంతే అన్నట్టు కాజాలమ్మాయి వైపు చూసింది.

"పిసినారి అత్త" అంది కాజాలమ్మాయి.

అందరూ పకపకా నవ్వారు. అంత కష్టమైన మాట ఆమె బుద్ధెరిగాక ఎన్నడూ అనలేదు.