చివరి వరసలో సీతారత్నం

దశరథ్ పొద్దున్నే లేచి పప్పూ అన్నం వండుకుని, క్యారేజీ సర్దుకుని, మఫ్లర్ చెవులకి చుట్టుకుని ఘాజియాబాద్‌లో మూతపడ్డ నూలు మిల్లుకి బయల్దేరతాడు. మెట్రో దిగి, మంచో పొగో తెలీని తెల్లదనంలో ఈ-రిక్షా ఎక్కుతాడు. సైన్యంలో సుబేదారుగా రిటైరైన మనిషి. ఈ వయసులో ఆయన చేసే ఉద్యోగం ఏమిటంటే, టీవీ సీరియల్లో జాంబీలని వరసలో నిలబెట్టడం.

ఆ హిందీ సీరియల్ పేరు ‘ఆఖ్రీ బస్తీ’. లోకమంతా శవాలై తిరుగుతుంటే ఒక మిల్లులో తలదాచుకున్న కొద్దిమంది మనుషుల కథ. మొదట్లో జనం అన్నాలు మానేసి చూశారు. ఇప్పుడు పదో సీజను. చూసేవాళ్లకన్నా తీసేవాళ్లే ఎక్కువున్నారని యూనిట్లో వాళ్లే నవ్వుకుంటారు. ఆ నవ్వుకి కూడా ఎవరికీ ఓపిక లేదు.

మొదటి సీజన్లలో జాంబీలకి మేకప్ వేసేవారు. తర్వాత ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పారు. సరిగ్గా అప్పుడే నిజంగా పోయినవాళ్లు రావడం మొదలుపెట్టారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఎటు వెళ్లాలో తెలీక తిరుగుతున్న ఒక ముసలాయన షూటింగు గుంపులో కలిశాడు. హీరో తన ఉత్తుత్తి తుపాకి ఆయన ముఖానికి గురిపెట్టి పేల్చగానే మనిషి లేడు, నేలమీద స్వెటర్ ఒక్కటే ఉంది. వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోయాడన్నమాట. ఆ కబురు వాళ్లలో వాళ్లకి పాకిపోయి, మర్నాటినుంచి గేటు దగ్గర బారులు కట్టారు. ఈ బట్టలన్నీ ఎక్కడ పెట్టుకోవాలని కాస్ట్యూమ్స్ వాళ్లు మాత్రం కాసేపు సణిగారు.

ఆ బారులకి దశరథ్ ఒక పద్ధతి పెట్టాడు. ముందొచ్చినవాళ్లు ముందు వరసలో నిలబడాలి. పటాలంలో జవాన్లకి సెలవులిచ్చే పద్ధతే అది. ఎంత పెద్ద ఆఫీసరు సిఫార్సు చేసినా ఆయన వరస తప్పించి ఎరగడు. పోయినవాళ్లకి ఆయన మాట మీద గురి.

అలాంటి మనిషి ఒకే ఒక్కరి విషయంలో తప్పాడు. ఒక పొద్దున బారులో ఆయన భార్య సీతారత్నం కనబడింది. పోయి అప్పటికి ఏడాది దాటింది. ఒంటిమీద పోయిననాటి ఆకుపచ్చ చీరే. “ఏటండీ, ఇలా చిక్కిపోయారు?” అంది. ఆమె వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి చివరి వరసలోకి పంపేవాడు. పేలితే మళ్లీ కనబడదు కదా. అది అన్యాయమని ఆయనకి తెలుసు. తెలిసే చేశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ “కాస్త ఆగు రత్నం” అనే మాటతోనే ఆమెని నెట్టుకొచ్చినవాడికి, ఇంకొంచెం ఆపడం కష్టమేం కాలేదు.

ఈమధ్య ఆపాల్సిన పని కూడా లేకుండా పోయింది. సీరియల్ చతికిలబడింది. ఇప్పుడు అందులో అందరూ మిల్లు హాల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరు ఎవరిని మోసం చేశారని ఒక ఎపిసోడు, ఎందుకు చేశారని ఇంకో ఎపిసోడు. హీరో సునీల్ భుజాన తుపాకి వేలాడుతుంది కానీ పేలదు. పోయినవాళ్లు బయట గోడవారగా నిలబడి, కిటికీలోంచి అప్పుడప్పుడు కనబడి, సాయంత్రం దాకా ఎదురుచూస్తారు.

మధ్యాహ్నం దశరథ్ గోడ పక్కన కూర్చుని క్యారేజీ విప్పితే సీతారత్నం ఎదురుగా కూర్చునేది. ఆమె తినదు. వాసన చూస్తుంది.

“పప్పులో ఉప్పు ఎక్కువేశారు.”

“రుచి చూడకుండానే చెప్పేస్తావా?”

“మీ చెయ్యి నాకు తెలీదేటి?” అని కాళ్లు నిమురుకుంది. “కాళ్లు పీకేస్తన్నాయండి. నా వంతు ఎప్పుడొస్తాది?”

“హీరోగారు పేల్చట్లేదు కదా రత్నం. కాస్త ఆగు.”

“అలాగే. మీరు వరస తప్పరు, అది నాకు తెలుసు” అంది.

ఆయన చేతిలో ముద్ద క్యారేజీలోనే వదిలేసి మూత పెట్టేశాడు.

ఆ వారమే అసిస్టెంట్ డైరెక్టర్ చాందిని వచ్చి చెప్పింది. “అంకుల్‌జీ, బంద్ హో రహా హై. శనివారం ఆఖరి షూట్.” ఆఖరి ఎపిసోడ్‌లో జాంబీలు ఊరికే మిల్లు చుట్టూ నిలబడి ఉంటారట, హీరో హీరోయిన్లు కొండల్లోకి వెళ్లిపోతారట. తర్వాత గేటుకి తాళం.

దశరథ్‌కి ముందు తన సంగతే గుర్తొచ్చింది. ఇక ఆమెని చూడడం ఉండదు. సీతారత్నానికి చెబితే ఆమె గేటుకేసి చూసింది.

“తాళం వేసేస్తే మేమెక్కడికి పోవాల?” అంది.

“ఇక్కడికి రాకముందు ఎక్కడుండేదానివి?”

“కంటోన్మెంట్‌లో మన పాత క్వార్టర్ లేదేటి, దాని గేటు దగ్గర. అందులో ఇప్పుడు ఎవరో పంజాబీవాళ్లు. వాళ్ల కుక్క నన్ను చూసి రోజంతా మొరిగేది. పాపం, దానికీ నాకూ కూడా సుఖం లేదు.”

ఎండనకా వాననకా ఆ గేటు దగ్గర ఆమె నిలబడి ఉండడం దశరథ్ కళ్లకి కట్టింది. మిగతావాళ్లకీ ఇలాంటి గేటు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆయన కడగని క్యారేజీ చేత్తో పట్టుకునే రైటర్ రేవతి గదికి వెళ్లాడు.

రేవతిది కర్నూలు. సివిల్స్‌కని వచ్చి కరోల్ బాగ్‌లో గది తీసుకుంది. ఖాళీగా ఉండడమెందుకని, కొన్నాళ్లపాటే అనుకుని ఈ పనిలో చేరింది. అంతే, ఆ కొన్నాళ్లు అవడం లేదు. దశరథ్ ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. చెప్పి తల వంచుకున్నాడు.

“అందర్నీ కాల్చినట్టు రాస్తే చానల్ వాళ్లు ఒప్పుకోరు అంకుల్. జాంబీలు మిగిలుంటేనే గదా రేపు పదకొండో సీజన్ తీసేది?” అంది రేవతి. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. “నాకు గూడా చాలైపోయింది. వాళ్లెవరూ మిగలకపోతే నన్ను గూడా పిలవరు. ఒక్క తూటా అయితే ఎట్లో సందులో దూరుస్తా. ఒకే ఒక్కటి.”

“ఒక్కటి చాలమ్మా. ఎలా నిలబెట్టాలో నేను చూసుకుంటాను.”

శనివారం మంచు పలచబడ్డాక షాట్‌కి పిలిచారు. దశరథ్ పోయినవాళ్లందర్నీ మైదానంలోకి తెచ్చాడు. ఈసారి అడ్డంగా వరసలు కట్టించలేదు. ఒకరి వెనక ఒకరు, మిల్లు గుమ్మం నుంచి వెనక గోడ దాకా ఒకే ఒక్క బారు. సైన్యంలో కొత్త కుర్రాళ్లకి నెలల తరబడి నేర్పిన విద్య అది. ముందునుంచి చూస్తే మొదటి మనిషి తప్ప ఎవరూ కనబడకూడదు, ఒకే గురి అందర్నీ దాటుకుని గోడ దాకా పోవాలి. ఒకాయన భుజం సర్ది, ఒకావిడ కొంగు లోపలికి దోపమని చెప్పి, ముందుకొచ్చాడు.

“అంకుల్‌జీ, భీడ్ చాహియే థా, లైన్ నహీ” అని, గుంపు కావాలంటే బారు కట్టించాడని చాందిని నెత్తి కొట్టుకుంది. కుర్చీలోంచి లేవకుండానే డైరెక్టరు “చల్నే దో” అని పోనిచ్చాడు. పదో సీజన్ అంటే అంతే మరి.

బారుకి మొదట సీతారత్నం ఉంది. ఆమె వెనక్కి తిరిగి అంతమందినీ చూసింది. తర్వాత మొగుడి ముఖం చూసింది.

“వీళ్లందరికన్నా ముందొచ్చింది నేనే కదండీ?”

“నువ్వే.”

“మరి నన్ను ఆపేశారా?”

“ఆపేశాను రత్నం.”

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు.

“చెప్పొచ్చు కదేటి” అంది. “ఉండమంటే నేనే ఉండేదాన్ని.”

ఆ మాటకి దశరథ్‌కి ఏడుపొచ్చింది. అంతమంది ముందు మఫ్లర్‌తో ముఖం తుడుచుకున్నాడు. ఉండమని ఇప్పుడైనా అడగొచ్చు. అడిగితే ఉంటుంది కూడా. సునీల్ తుపాకి ఎత్తాడు. దశరథ్ ఇంకా ఆమె ముందే నిలబడి ఉన్నాడు.

“అంకుల్, హటియే” అన్నాడు సునీల్. తప్పుకోమని చాందిని కూడా అరిచింది. ఆయన కదల్లేదు.

“జరగండి” అంది సీతారత్నం, మెల్లిగా. “కాళ్లు పీకేస్తన్నాయి.”

ఆయన పక్కకి జరిగాడు. మడమలు జోడించి, పరేడు ముగిసినప్పుడు ఇచ్చే ఆజ్ఞ మైదానమంతా వినబడేలా ఇచ్చాడు.

“విసర్జన్!”

తుపాకి పేలింది. ముందు ఆకుపచ్చ చీర నేలమీద పడింది, ఆ వెనక ఒకదాని తర్వాత ఒకటి స్వెటర్లూ శాలువాలూ గోడ దాకా పడుతూ పోయాయి. దశరథ్ చివరి మనిషి దాకా చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అడిగింది అడిగిన వెంటనే చేయడం ఆయనకి అదే మొదటిసారి.