తొమ్మిది ఫోన్లు

చిక్కుళ్ళ ఈనెలు తీస్తూనే హెడ్మాస్టరు చెప్పిన ఆ ఫోన్లు కూడా చేసేయమని లెక్కల టీచరుతో అన్నాడు భర్త. "నోటికి పనేగా, చేతులకి కాదుగా!" అన్నాడు కుర్చీలోంచి లేవకుండా.

రేపు రాష్ట్రమంతటా పదో తరగతి పిల్లలకు ఒకే పరీక్ష. వాళ్ళ సగటు మార్కులను బట్టే బడికి పేరు. చురుకైన పిల్లల సెక్షన్ ఎప్పుడూ మగ మాస్టారికే ఇస్తారు. వెనకబడ్డవాళ్ళను "మీకు తల్లిమనసు కదండీ" అంటూ ఆమెకు అంటగడతారు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

మధ్యాహ్నం హెడ్మాస్టరు ఆమె చేతిలో చీటీ పెట్టాడు. తొమ్మిదిమంది ఆడపిల్లల పేర్లు. "వీళ్ళు రాస్తే మన సగటు మట్టికొట్టుకుపోతుంది. జ్వరమని ఇంట్లో ఉంచేయమనండి. తల్లులకు తియ్యగా మీరే చెప్పగలరు. కాదంటారా, బదిలీల జాబితా నా బల్ల మీదే ఉంది." తియ్యగా అబద్ధమాడడం కూడా ఆడదాని పనేనని ఆయన లెక్క.

ఆ పిల్లలకు తెలివి లేక కాదు. ఇంట్లో అంట్లు తోమి, చెల్లెళ్ళకు జడలేసి, మొదటి గంట దాటాక వస్తారు. కూర్చున్నచోటే కునుకు తీస్తారు. ఆమెకూ ఒకప్పుడు ఒక పరీక్ష ఉండేది, ప్రమోషన్ కోసం. ఆ పొద్దున అత్తగారికి నడుం పట్టేసింది. "పరీక్ష మళ్ళీ ఏడాది వస్తుంది, అమ్మ వస్తుందా?" అన్నాడు భర్త. మధ్యాహ్నానికి అత్తగారు లేచి పక్కింటికి కబుర్లకు వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పట్టేస్తూనే ఉంది. ఎవరూ ఆమెను కట్టేయలేదు. సరేనని తల ఊపింది తనే. ఆ తల ఊపడాన్ని ఆమె ఇప్పటికీ క్షమించుకోలేదు.

మొదటి ఫోన్ ఎత్తిన తల్లి బెదిరిపోయింది. "మా పిల్లేం తప్పు చేసింది టీచరమ్మా?"

నేర్చుకున్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమీ చెయ్యలేదమ్మా. రేపు పరీక్ష. తొమ్మిదింటికి ముందే పంపండి."

మిగతా ఇళ్ళకూ అదే చెప్పింది. తొమ్మిదో తల్లి నిట్టూర్చింది. "అది రాసి ఎవర్ని ఉద్ధరించాలి? ఇక్కడ బట్టలు గుట్టపడి ఉన్నాయి."

"దానికి వచ్చో రాదో పరీక్ష కాగితం చెప్తుందిలే అమ్మా. ముందే మనమెందుకు చెప్పాలి?"

"సర్లెండి. బట్టలు నేనే ఉతుక్కుంటా."

"ఒప్పుకున్నారా అందరూ?" కుర్చీలోంచి భర్త అడిగాడు.

"ఒప్పుకున్నారు. తొమ్మిదిమందీ పరీక్షకి వస్తున్నారు."

"నీకేమైనా మతి పోయిందా? ఎక్కడికో బదిలీ చేసి విసిరేస్తాడు నిన్ను ఆ హెడ్మాస్టరు! అప్పుడేం చేస్తావ్?"

"వెళ్తాను," అంది ఆమె. "ఒక్కదాన్నే."