కిటికీలోంచి విసిరిన ఫైలు

నాతో వాదించి గెలిచినవాళ్లు గన్‌ఫౌండ్రీలో ఎవరూ లేరు. గొప్పకు చెప్పడం లేదు, మా స్కూల్లో ఎవరినడిగినా ఇదే చెప్తారు. లెక్కల టీచర్ని కదా, తప్పు కనబడితే ఊరుకోలేను. కూరగాయలావిడ తూకం దగ్గర్నుంచి మా హెడ్‌మాస్టర్ రామచంద్రమూర్తిగారి టైంటేబుల్ దాకా అన్నిట్లో నాకు తప్పులే కనిపిస్తాయి, నన్నేం చేయమంటారు? మా ఆయన వామన్‌రావు ఎప్పుడో చేతులెత్తేశాడు. ఏమడిగినా "నీ ఇష్టం కమలా" అంటాడు. ఆ మాట మీద కూడా ఓసారి పెద్ద గొడవ పెట్టుకున్నాను.

ఆ రోజు మా సంహితకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. కంప్యూటర్స్ బ్రాంచే తీసుకోవాలని నేనెప్పుడో తేల్చేశాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక కాలేజీలో పదిన్నరకు సర్టిఫికెట్లు చూపించాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్సే. నీలం రంగు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి నేనే పట్టుకున్నాను. పిల్ల చేతికిస్తే ఎక్కడ పారేస్తుందోనని భయం.

నాంపల్లి స్టేషన్ దగ్గర రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. రెండూ అటు వెళ్లేవే. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక సీటు కావాలంటే డోరు దాకా వెళ్లేలోపే కిటికీలోంచి ఏదో ఒకటి వేసి పెట్టుకోవాలి. అందరూ కర్చీఫులు, చున్నీలు, టిఫిన్ సంచులు విసురుతున్నారు. నా కర్చీఫు హ్యాండ్‌బ్యాగులో ఎక్కడో అడుగున ఉంది. వెతికే తీరిక లేదు. చేతిలో ఉన్నది విసిరేసి, పక్కనే ఉన్న ముందు డోరులోంచి తోసుకుంటూ ఎక్కేశాను. నా వెనకాలే సంహిత.

తీరా చూస్తే కిటికీ పక్కన ఒకావిడ వెల్లుల్లి మూట ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. ఫైల్ లేదు.

"ఏమమ్మా, ఇక్కడ ఫైల్ వేసిన. ఏది?" అన్నాను.

"గీడ ఏం ఫైల్ లేదు."

"నా చేతులతో వేసిన. దాని మీద కూసున్నవా?"

"ఏందమ్మో, నన్ను దొంగను చేస్తున్నవ్? పొద్దుగాల బేగంబజార్ పోయి ఈ మూట మోసుకొచ్చిన. నాకెందుకు నీ ఫైలు? ఎల్లిగడ్డలు అమ్మనీకా?"

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. సంహిత నా చెయ్యి పట్టి లాగింది. "అమ్మా, అది కాదు..."

"నువ్వాగవే. పెద్దోళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏంది?"

బస్సు కదిలింది. లోపల రెండు పార్టీలు తయారయ్యాయి. నిలబడ్డవాళ్లంతా నా వైపు, కూర్చున్నవాళ్లంతా ఆవిడ వైపు. ఆవిడను లేపాను, మూట ఎత్తించాను, సీటు కింద వంగి చూశాను. కండక్టర్ విజయ టికెట్లు కొట్టడం మానేసి మా మధ్యకు వచ్చింది. అబిడ్స్‌లో దిగాల్సిన ఒకాయన, సంగతి తేలేదాకా దిగేది లేదని నిలబడిపోయాడు. సంహిత మళ్లీ "అమ్మా" అంది. మళ్లీ కసిరాను.

అప్పుడు ఆ ఎల్లిగడ్డలావిడ నా మొహం ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ మేడమ్, జర నోరాపు. గప్పటి సంది పిల్ల ఏదో చెప్తనే ఉన్నది. ఏంది బిడ్డా?"

"ఫైల్ ఈ బస్సుల పడలేదు ఆంటీ. ముందు బస్సు ఆఖరి కిటికీల పడ్డది. మేం వెనక బస్సు ఎక్కినం."

ముందు బస్సు చివరి కిటికీకీ, వెనక బస్సు ముందు డోరుకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. ఆ కంగారులో రెండూ ఒకే బస్సువనుకున్నాను. ఆ బస్సేమో ఎప్పుడో వెళ్లిపోయింది. పిల్ల పన్నెండేళ్ల చదువు అందులో ఉంది.

"కూసో" అని ఆవిడ నన్ను తన సీట్లో కూలేసి, మూట నా ఒళ్లో పడేసింది. "అన్నా, ముందు బండిని ఇడువకు!" అని డ్రైవర్‌కు కేకేసింది. కోఠి సిగ్నల్ దగ్గర ఆ బస్సు కనబడగానే డోరు తీయించుకుని సంహిత చెయ్యి పట్టుకుని దూకింది. నేను లేవబోతే మూట లేవనివ్వలేదు. పచ్చ సిగ్నల్ పడి బస్సులు కదిలాయి. బండ్ల మధ్యలో ఇద్దరూ కనబడకుండా పోయారు. వినేవాళ్లు ఎవరూ లేకపోయినా "తప్పు నాదే, తప్పు నాదే" అని గొణుక్కుంటూ కూర్చున్నాను.

కోఠి స్టాపులో ఇద్దరూ మళ్లీ మా బస్సెక్కారు. సంహిత చేతిలో నీలం ఫైలు.

"ఒక పెద్దమనిషి దాంతోని గాలి ఇసురుకుంటున్నడు" అంది ఆవిడ రొప్పుతూ. "అడిగితే నాదేనన్నడు. గట్లయితే లోపల ఎవరి పేరున్నదో చెప్పుమన్న. నోరు తెరిస్తే ఒట్టు. ఇగ లే మేడమ్, నా సీటు."

లేచి సీటిచ్చాను. దండం పెట్టి పేరడిగితే యాదవ్వ అంది. చాదర్‌ఘాట్‌లో మూట నెత్తికెత్తుకుని దిగిపోయింది.

ఖాళీ అయిన సీట్లో సంహితను కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను.

"ఎన్నిసార్లు చెప్పినవే?"

"ఐదుసార్లు."

"గట్టిగా చెప్పొచ్చు కదా!"

"గట్టిగ చెప్తే ఎదురు మాట్లాడుతున్నవంటవ్. మెల్లగ చెప్తే ఇనవ్."

జవాబు నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"నేను విననివి ఇంకేమన్నా ఉన్నయా?"

అది ఫైలు అంచు గోటితో గీకింది. "కంప్యూటర్స్ వద్దమ్మా. ఎండాకాలం సంది చెప్తున్న."

ఇంకో అరగంటలో కౌన్సెలింగ్. నిజంగానే ఎండాకాలం నుంచి చెప్తోందా? నాకు ఒక్కసారి కూడా విన్నట్టు గుర్తులేదు.

"మరేం కావాలె?" అని అడిగాను.

నిజంగానే అడుగుతున్నానా, వాదన మొదలుపెడుతున్నానా అన్నట్టు మలక్‌పేట దాటేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.