నా ఒంటి జ్వరం

“జ్వరమేగా! లేవలేనంత జ్వరమా ఏంటి?” అన్నారు మా ఆయన, వంటగది గుమ్మంలో నిలబడి.

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. గట్టు పట్టుకుని నిలబడ్డాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన చేతిలో జ్వరం మాత్ర, మంచినీళ్ళ గ్లాసు. “వేసుకో, తగ్గిపోతుంది. పిల్లలు ఆకలంటున్నారు.” ప్రేమగానే ఇచ్చారు. అదే నాకు ఎక్కువ మండింది.

నా తొడలో కాన్సర్ గడ్డ ఉంది. ఒకసారి కోసి తీసేశారు, మళ్ళీ వచ్చింది. ఉన్న మందులన్నీ వాడి చూశాక, పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ కొత్త వైద్యం గురించి చెప్పింది. బలం తగ్గించిన బాక్టీరియాను సూదితో నేరుగా గడ్డలోకే ఎక్కిస్తారు. “మీ ఒంట్లో కాపలా కాసే కణాలు ఈ గడ్డని మనదేలే అనుకుని వదిలేస్తున్నాయమ్మా. బాక్టీరియాని చూస్తే ఉలిక్కిపడి లేస్తాయి. లేచినవి గడ్డ మీద కూడా పడతాయని మా ఆశ. ఇంకా పరీక్షిస్తున్న మందు, తగ్గుతుందని మాటివ్వలేను. జ్వరం, వణుకు వస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి. ఆస్పత్రిలో ఉంచి చూసుకుంటాం,” అంది. ఆలోచించుకుని సరేనన్నది నేను. ఫోన్ నంబరు పెట్టుకున్నది మా ఆయన.

ఇప్పుడు ఆ ఫోన్ చెయ్యమంటే, “చేస్తే అడ్మిట్ చేసేస్తారు. ఇల్లెవరు చూస్తారు?” అన్నారు. అత్తయ్యదీ అదే మాట. “మా రోజుల్లో జ్వరానికి మంచమెక్కితే సాగేదా?” మొదటి సూది వేయించుకుని వచ్చిన రోజే ఆవిడ నా కంచం, గ్లాసు వేరు పెట్టేసింది. ఇంట్లో ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. “ఒంట్లోకి క్రిములు ఎక్కించుకొచ్చావు, పిల్లల్ని ముట్టుకోకు.” వంట మాత్రం నేనే చెయ్యాలి. నా చేతి క్రిములు కంచానికి అంటుకుంటాయట గానీ కూరకి అంటుకోవట! నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక, కూర దింపి, అన్నాలు వడ్డించి, గిన్నెలు కడిగి, వణుకుతూ వెళ్ళి పడుకున్నాను. ఒక్కరైనా నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు.

తర్వాతి సూదికి ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ నావైపు చూసి, “ఇంట్లో ఎలా ఉన్నారు? జ్వరం వచ్చిందా?” అని అడిగింది.

“అబ్బే, రాలేదండీ. చక్కగా తిరుగుతోంది, పనులన్నీ చేసుకుంటోంది,” అన్నారు మా ఆయన.

“అయితే మంచిదే. ఈసారి మోతాదు పెంచుదాం.”

ఆయన ముఖంలోకి చూశాను. ఈ మనిషి అబద్ధమాడుతున్నట్టు కూడా లేడు. నేను గిన్నెలు కడిగాను కాబట్టి నాకు జ్వరం రానట్టే. ఇన్నేళ్ళూ నా ఆకలీ, నా నిద్రా, నా నొప్పీ ఈయనే చెప్పారు. “దానికేం, బాగానే ఉంది” అని. నేనూ పక్కన నిలబడి తలూపాను. ఇప్పుడు తలూపితే సూది దిగేది నా ఒంట్లోకి.

“వచ్చింది డాక్టరమ్మా,” అన్నాను. “వణుకుతో వచ్చింది. మాత్ర వేసుకుని వంట చేశాను.”

“కాస్త ఒళ్ళు వెచ్చబడిందంతే...” అని ఆయన నసిగారు.

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. “రాలేదనుకుని మోతాదు పెంచేదాన్ని! ప్రాణం మీదికి వచ్చేది, తెలుసా మీకు?” తర్వాత నావైపు తిరిగి మెల్లగా అంది, “అంత జ్వరం వచ్చిందంటే పాత మోతాదే చాలు. అదీ ఇక్కడ ఉంటేనే ఇస్తాను. లేదా మానేస్తానన్నా ఫరవాలేదు. మీ ఇష్టం.”

“మానేస్తామండీ,” అన్నారాయన. “ఇంట్లో చాలా ఇబ్బంది...”

“నేను ఆవిణ్ణి అడిగాను.”

“ఉంటాను,” అన్నాను. “ఈ రోజే.”

సూది వేశారు. సాయంత్రానికి కాళ్ళు చల్లబడి వణుకు మొదలైంది. నర్సు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

“అమ్మకి నడుం పట్టేసింది. పొద్దున పిల్లలు బడికెళ్ళాలి. నువ్వెప్పుడొస్తావ్?”

గడ్డ తగ్గుతుందో లేదో డాక్టరమ్మకే తెలియదు. నాకేం తెలుసు?

“నాకు జ్వరంగా ఉందండీ,” అని చెప్పి, ఫోన్ పెట్టేసి, దుప్పటి కప్పమని నర్సుని అడిగాను.